సుగ్గి బండి బాడుగ: డీజిల్ లెక్క ఎవరి చేతిలో వుంది?

కర్నూలు జిల్లా పడమటి మండలాలలో, కోసిగి, పెద్దకడుబూరు, కౌతాళం, మంత్రాలయం వైపు, పత్తి పని సన్నగిల్లగానే వీధులకు వీధులు తాళాలు పడతాయి. బియ్యం మూట, రొట్టెల పెనం, నీళ్ళ బిందె, పాత టార్పాలిను, చంకలో పిల్ల. యింతే సామాను. గుంటూరు, పల్నాడు, ప్రకాశం జిల్లాల మిరప చేలల్లో కాయ కోయడానికి పోతారు. మళ్ళీ ఉగాది దగ్గర పడినప్పుడే యింటి మొహం చూడటం. యీ పోవడాన్ని అక్కడ 'సుగ్గికి పోవడం' అంటారు. సుగ్గి అంటే పంట కోతల కాలం. పక్కనున్న కన్నడ సీమ నుంచి వచ్చిన మాట.

సుగ్గి గురించి మన పత్రికలో చాలాసార్లు రాశాం. కూలి రేట్ల గురించి రాశాం, గుడారాల గురించి రాశాం, బడి మానేసిన పిల్లల గురించి రాశాం. కాని వొక చిన్న సంగతి ఎప్పుడూ పక్కన పడిపోయింది. ఊరినుంచి చేను దాకా చేర్చే బండి బాడుగ సంగతి. మొదటి కాయ తెంపకముందే కూలీ నెత్తిన పడే అప్పు అది. ఎంత పడిందో అందరికీ తెలుసు. ఎట్లా పడిందో మాత్రం ఎవరికీ తెలియదు.

పోయిన సుగ్గికి ముందు వొక ఊరి కట్టమీద నలభైమందిదాకా కూచుని వున్నారు. మేస్త్రీ వచ్చి "తలకు ఆరునూర్ల యాభై" అని చెప్పి వెళ్ళిపోయాడు. "డీజిల్ రేటు మండిపోతాంది, నేనేం సేయాల" అన్నది ఆయన చెప్పిన కారణం. ఆ మాట విని ఎవరూ మారు మాట్లాడలేదు. నేను పక్కనున్న వొక అక్కను అడిగాను, యింతకూ బండి ఎంత డీజిల్ తాగుతుందని.

"మాకెట్ల తెలుస్తాదన్నా? బండి ఆయప్పది, బంకు కాడికి పొయ్యేది ఆయప్ప. ఆయప్ప సెప్పిందే లెక్క" అంది.

సీమలో లెక్క అంటే డబ్బు అని కూడా అర్థం. ఆమె ఏ అర్థంలో అన్నదో గాని రెండూ సరిపోయాయి.

ఆ పూట కట్టమీదనే బొగ్గుముక్కతో వేసిన లెక్కను యిక్కడ రాస్తున్నాను. యిది పెద్ద చదువు కాదు. కూడిక, భాగహారం వచ్చిన పిల్లవాడు ఊరికి వొకడుంటే చాలు.

మూడు అంకెలు

డీజిల్ ఖర్చు తేలాలంటే మూడు అంకెలు కావాలి. ఎన్ని కిలోమీటర్లు పోవాలి, లీటరుకు బండి ఎన్ని కిలోమీటర్లు నడుస్తుంది, లీటరు ఎంత. దూరాన్ని మైలేజితో భాగిస్తే లీటర్లు వస్తాయి. లీటర్లను రేటుతో గుణిస్తే రూపాయలు వస్తాయి. అంతకుమించి యిందులో రహస్యం లేదు.

దూరం మొదట. కోసిగి ప్రాంతంనుంచి గుంటూరు వైపు మిరప చేలకు నాలుగు వందల కిలోమీటర్లకు అటూ యిటూగా వుంటుంది. చేను ఏ మండలంలో వుందో దాన్నిబట్టి మారుతుంది. యిప్పుడు ప్రతి గుంపులోనూ వొకరిద్దరు కుర్రవాళ్ళ దగ్గర పెద్ద సెల్లు వుంటున్నది. అందులో దారి చూపించే పటం తెరిచి ఊరి పేరు, చేనున్న ఊరి పేరు కొడితే కిలోమీటర్లు చెబుతుంది. లేదంటే బండి బయలుదేరేటప్పుడు మీటరు మీద అంకె, దిగేటప్పుడు అంకె చూసి రాసుకోవాలి. మీటరు చెడిపోయిన బండ్లు బోలెడు తిరుగుతున్నాయి. ఆశ్చర్యమేమంటే బాడుగ మాట్లాడేటప్పుడు మీటరు చెడిపోయిన బండికే దూరం ఎక్కువ వస్తుంది.

రెండోది మైలేజి. వివాదమంతా యిక్కడే. బండి యజమాని ఎప్పుడూ తక్కువ చెబుతాడు. "అయిదుకంటే యీయదు" అంటాడు. అదే బండిని అమ్మజూపే రోజున "పదికి తగ్గదు" అంటాడు. డ్రైవర్లతో నిలకడగా మాట్లాడితే తెలిసేదేమంటే, నిండుగా ఎక్కించిన డీసీఎం లాంటి వ్యాను మంచి రోడ్డుమీద ఎనిమిది అటూ యిటూగా నడుస్తుంది. బొలెరో పికప్పు పన్నెండు దాకా. పది చక్రాల లారీ నాలుగు కిలోమీటర్లు. ట్రక్కు తగిలించిన ట్రాక్టరు అయిదారు దాటడం కష్టం, పైగా అది నడిచేదే నిదానం. బండి వయసు, రోడ్డు, బరువు, డ్రైవరు కాలు, యివన్నీ కలిసి యీ అంకెలను కిందికీ పైకీ లాగుతుంటాయి. కాబట్టి ఎవరి నోటి మాటా నమ్మనక్కర లేదు, నాదీ నమ్మవద్దు. కొలిచి చూసుకోవచ్చు.

కొలిచే పద్ధతిని డ్రైవర్లు 'ఫుల్ ట్యాంకు లెక్క' అంటారు. బయలుదేరేముందు బంకులో ట్యాంకు నిండా, మూతిదాకా పోయించాలి. అప్పుడు మీటరు అంకె రాసుకోవాలి. రెండు మూడు వందల కిలోమీటర్లు పోయాక మళ్ళీ మూతిదాకా పోయించాలి. యీ రెండోసారి పట్టిన లీటర్లే ఆ దూరానికి బండి తాగిన డీజిల్. మూడు వందల కిలోమీటర్లకు 38 లీటర్లు పట్టిందంటే లీటరుకు ఎనిమిది కిలోమీటర్ల లోపు నడిచిందన్నమాట. దారిలో మధ్యన పోయించుకుంటే ఆ లీటర్లు కూడా కలపాలి. రూపాయల్లో "రెండువేలకు కొట్టు" అనే అలవాటు లెక్కకు అడ్డం. బిల్లు అడిగితే దానిమీద లీటర్లు, రేటు రెండూ పడతాయి. బిల్లు అడగడానికి మొహమాటం అక్కర్లేదు. పంపు అంకె సున్నాకు వచ్చాకే కొట్టమనాలి. కొలత మీద అనుమానం వస్తే ప్రతి బంకులోనూ తూనికలు కొలతల శాఖ ముద్ర వేసిన అయిదు లీటర్ల పాత్ర వుండాలి, దానితో కొలిచి చూపమని అడిగే హక్కు కొనేవాడికి వుంది. అయిదు లీటర్లకు 25 మిల్లీలీటర్లు మించి తేడా వుండకూడదు.

మూడోది రేటు. యిది బంకు బోర్డుమీదే వుంటుంది. 2025లో ఆంధ్రలో లీటరు 97 రూపాయల ప్రాంతంలో వుంది. రోజూ మార్చే ఏర్పాటు 2017 జూన్ 16 నుంచి వచ్చింది కాబట్టి బయలుదేరే రోజు బోర్డు చూసుకోవాలి. నోటి లెక్క సులువుగా వుండాలని కట్టమీద మేం లీటరు వంద అనుకున్నాం.

యిక లెక్క. పోయేటప్పుడు నాలుగు వందల కిలోమీటర్లు, లీటరుకు ఎనిమిది: 50 లీటర్లు. మనుషుల్ని దింపి బండి ఖాళీగా తిరిగి వస్తుంది, ఖాళీ బండి కాబట్టి పది అనుకుందాం: 40 లీటర్లు. మొత్తం 90 లీటర్లు, తొమ్మిదివేల రూపాయలు. నలభైమంది మీద పంచితే తలకు 225.

కట్టమీద కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తరువాత వొక పెద్దాయన, "మరి ఆరునూర్ల యాభైలో తక్కింది యాడికి పోతాండాది?" అన్నాడు.

న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు కూడా న్యాయంగానే చెప్పాలి. బాడుగ అంటే డీజిల్ వొక్కటే కాదు. టోల్‌గేట్లు వున్నాయి, డ్రైవరు బత్తా వుంది, దారి ఖర్చులున్నాయి. వీటికి మూడువేలు అనుకుంటే తలకు 75. అప్పటికి మూడు వందలయింది. మిగతా 350 చొప్పున నలభైమంది మీద పద్నాలుగువేలు. అందులో టైర్ల అరుగుదల, ఫైనాన్సు కిస్తు, బీమా, రోడ్డు పన్ను, యజమాని లాభం వున్నాయి. మేస్త్రీ వాటా కూడా వుంది. ఎవరిది ఎంతో చెప్పమని అడగాలి. "డీజిల్ మండిపోతాంది" అనే వొక్క మాట కింద యివన్నీ దాచిపెట్టడం కుదరదు. లీటరుకు అయిదు రూపాయలు పెరిగిందనుకోండి, 90 లీటర్లకు 450 పెరుగుతుంది. నలభైమందికి తలా పదకొండు రూపాయలు. యాభై పెంచడానికి అది కారణం కాజాలదు.

వొక మాట యిక్కడే చెప్పుకోవాలి. బండి తోలేవాడిని దొంగలా చూడటం మన పని కాదు. రెండు రాత్రులు నిద్రలేకుండా స్టీరింగు పట్టుకునేవాడు కూడా రెక్కల కష్టం మీద బతికేవాడే, చాలాసార్లు ఆ బండి అతనిది కూడా కాదు. లెక్క అడగవలసింది బాడుగ కుదిర్చిన మనిషిని.

మరో సంగతి. ఆ మండలాలకు కర్ణాటక ఎంతో దూరం కాదు. 2025లో అక్కడ లీటరు డీజిల్ ఆంధ్రకంటే అయిదారు రూపాయలు తక్కువ పలికింది. సరిహద్దు దాపుల బండ్లు అటే పోయి ట్యాంకు నింపుకొస్తాయి. తప్పు లేదు. కాని నింపింది అక్కడి రేటుకు, వసూలు చేసేది యిక్కడి రేటుకు అయితే ఆ 450 రూపాయలు ఎవరివి? బిల్లు చూపమంటే తేలిపోతుంది.

తగ్గించే దారులు

"మరి తగ్గించుకునేదెట్లన్నా?" అని అడిగారు. తగ్గించుకునే దారులు కొన్ని బండిలో వున్నాయి, కొన్ని డ్రైవరు కాలిలో వున్నాయి, అన్నిటికంటే పెద్దది మన ఏర్పాటులోనే వుంది.

బండి సంగతి. టైర్లలో గాలి తక్కువగా వుంటే బండి ఈడ్చుకుంటూ పోతుంది, డీజిల్ ఎక్కువ తాగుతుంది, టైరు కూడా త్వరగా పోతుంది. బరువు ఎక్కించాక కాదు, ఎక్కించకముందే గాలి కొట్టించాలి. ఎయిర్ ఫిల్టరులో దుమ్ము నిండితే ఇంజను ఊపిరాడక నల్లపొగ కక్కుతుంది. ఆ నల్లపొగ కాలకుండా పోతున్న మన డీజిలే. పైపు జాయింటు దగ్గర బొట్టు బొట్టుగా కారుతుంటే గుడ్డ చుట్టి సరిపెడతారు. సెకనుకు వొక బొట్టు చొప్పున కారినా రోజుకు రెండు లీటర్లకు తక్కువ కాదు. టాపుమీద కట్టిన మూటల ఎత్తు, పటపట కొట్టుకునే టార్పాలిను కూడా గాలికి అడ్డంపడి ఇంజనును వెనక్కి లాగుతాయి. సామాను కిందికి సర్ది, టార్పాలినును బిగించి కట్టాలి.

డ్రైవరు కాలు. పెట్రోలియం పొదుపు కోసం 1978లో కేంద్రం పెట్టిన సంస్థ ఎన్నో ఏళ్ళుగా చెబుతున్నదేమంటే గంటకు 45 నుంచి 55 కిలోమీటర్ల మధ్య నడిపితే డీజిల్ బాగా కలిసి వస్తుందని. కారణం గాలి. వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగు రెట్లవుతుంది. యాభైలో పోయేదాన్ని ఎనభైకి తోలితే గాలి అడ్డు రెండున్నర రెట్లు. ఆ తేడాకు ఎనిమిది నడిచే బండి ఆరున్నరకు పడిందనుకుందాం. నాలుగు వందల కిలోమీటర్లకు పదకొండు లీటర్లు అదనం. యాభైఅయిదులో పోతే ప్రయాణం రెండు గంటలు పెరుగుతుంది. మిరప చేను ఎక్కడికీ పోదు గదా! క్లచ్చిమీద కాలు ఆనించి నడపడం, కింది గేరులో అరిపించడం, ఊరికే బ్రేకు కొట్టడం కూడా డీజిల్ తాగే అలవాట్లే. మేస్త్రీ టీ తాగి, ఫోను మాట్లాడి వచ్చేదాకా ఇంజను ఆపకుండా నిలబెట్టడం మనందరం చూసిందే. గంటసేపు అట్లా నిలబడితే బండిని బట్టి అర లీటరునుంచి లీటరుదాకా హరించుకుపోతుంది.

కాని వొక 'పొదుపు'ను మాత్రం ఎవరు చేసినా ఆపించాలి. కర్నూలు వైపునుంచి గుంటూరు వైపు పోవాలంటే నల్లమల దాటాలి. ఘాటు దిగేటప్పుడు కొందరు డ్రైవర్లు గేరు తీసి న్యూట్రల్లో వదిలేస్తారు, కొందరు ఇంజనే ఆపేస్తారు. లీటరు మిగులుతుందని. ఇంజను ఆగితే బ్రేకుకు బలం యిచ్చే గాలి కూడా ఆగిపోతుంది. కాసేపట్లో పెడలు రాయిలా గట్టిపడుతుంది. న్యూట్రల్లో వదిలితే భారమంతా బ్రేకుల మీదే పడి, అవి వేడెక్కి పట్టు వదులుతాయి. తమాషా ఏమంటే దీనివల్ల మిగిలేది కూడా దాదాపు ఏమీ లేదు. యిప్పటి ఇంజన్లలో గేరు వేసి వుంచి ఆక్సిలేటరు మీదనుంచి కాలు తీస్తే, దిగుడులో ఇంజనుకు డీజిల్ అందడం దానంతటదే ఆగిపోతుంది. న్యూట్రల్లోనే ఇంజను తిరగడానికి డీజిల్ కావాలి. యీ ముక్క డ్రైవర్లతో కూచుని మాట్లాడాలి, కేకలు వేస్తే వినరు.

యిప్పటిదాకా చెప్పినవన్నీ కలిపి జాగ్రత్తగా చేస్తే 90 లీటర్లలో ఎనిమిదో పదో మిగలవచ్చు. మిగిల్చుకోవలసిందే. కాని ఆ లెక్కలో వొక పెద్ద బొక్క కనిపించడంలేదా? 40 లీటర్లు ఖాళీ బండి తాగింది. మనల్ని దింపి వట్టి బండి యింటికి పోవడానికి నాలుగువేలు మనం కడుతున్నాం. ఉగాదికి మనల్ని తీసుకురావడానికి మళ్ళీ ఖాళీగా వస్తుంది, అప్పుడూ మనమే కడతాం. ఏడాదికి నాలుగు దారులు కొలిస్తే రెండు దారులు బండిలో మనిషి లేడు.

గుంటూరు మిర్చియార్డు అంత పెద్ద బజారు. అక్కడినుంచి రాయలసీమ వైపు, కర్ణాటక వైపు సరకు పోతూనే వుంటుంది. తిరుగు సరకు దొరికిన రోజుకు మన ప్రయాణం కలుపుకుంటే ఆ నాలుగువేలలో చాలావరకు సరకువాడు భరిస్తాడు. బండి యజమానులు యిది చేయడం లేదని కాదు. తెలివైనవాళ్ళు చేస్తూనే వున్నారు. తిరుగు సరకు బాడుగ జేబులో వేసుకుని, ఖాళీ తిరుగు బాడుగ మన దగ్గర కూడా తీసుకుంటున్నారు. బాడుగ మాట్లాడేటప్పుడే "తిరుగు సరకు వుంటే ఖాళీ దారి డీజిల్ మాకు వద్దు" అని చెప్పాలి. పక్క ఊరి గుంపు వాపసు వచ్చేరోజూ మన గుంపు పోయేరోజూ కలిసివస్తే యింకా మంచిది. యిట్లాంటి సర్దుబాటు వొక్క గుంపువల్ల కాదు. నాలుగైదు ఊళ్ళ కూలి సంఘాలు ముందుగా తారీఖులు చెప్పుకుంటే అవుతుంది.

తలకాయలు కుక్కితే తగ్గేది ఎంత?

మేస్త్రీల దగ్గర యింకో సలహా సిద్ధంగా వుంటుంది. "యింకో ఇరవైమందిని ఎక్కిస్తే తలకు తక్కువ పడుతుంది గదా!" వినడానికి బాగానే వుంటుంది. అదీ లెక్క వేద్దాం.

అరవైమందిని ఎక్కిస్తే బరువు పెరిగి మైలేజి ఏడున్నరకు పడిందనుకుందాం. పోయేటప్పుడు 53 లీటర్లు, వచ్చేటప్పుడు 40. అంతా కలిపి 9,300 రూపాయలు. అరవైతో భాగిస్తే తలకు 155. అంటే మనిషికి డెబ్భై రూపాయలు తగ్గాలి. ఎక్కడైనా తగ్గిందా? కట్టమీద నలభైమందిని అడిగాను. కుక్కి ఎక్కించిన ఏ సంవత్సరమూ తలకు రూపాయి తగ్గలేదన్నారు. అరవైమంది దగ్గరా 650 చొప్పున వసూలైతే 39 వేలు. నలభైమందివి 26 వేలు. తేడా పదమూడువేలు. డీజిల్ పెరిగింది మాత్రం మూడు లీటర్లు.

ఆ పదమూడువేలకు ఎదురుగా ఏముందో మనకు తెలుసు. 2018 జూన్ 24న యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ దగ్గర కూలీల ట్రాక్టరు మూసీ కాలువలో పడింది. పదిహేనుమంది పోయారు. 2020 మే 14న ప్రకాశం జిల్లా రాపర్ల దగ్గర మిరప కోతనుంచి వస్తున్న ట్రాక్టరు కరెంటు స్తంభానికి తగిలి తొమ్మిదిమంది పోయారు. మరునాడు పత్రికల్లో ఫొటోలు, మంత్రుల సంతాపాలు. ఆ పైన పరిహారం కోసం కుటుంబాలు తిరిగే తిరుగుడు పత్రికల్లో రాదు.

ఆ తిరుగుడుకు కారణం వొకటుంది, కార్యకర్తలు గుర్తుపెట్టుకోవాలి. సరకు బండిలో ప్రయాణికులుగా ఎక్కినవారికి బీమా కంపెనీ పరిహారం యివ్వనక్కర లేదని సుప్రీంకోర్టు 2002లో తీర్పు చెప్పింది. డీసీఎం అయినా, పికప్పు అయినా, కాగితాలలో అది సరకు బండి. బండి యజమాని మీద దావా వేసుకోవచ్చు, కాని అతని దగ్గర కిస్తు కట్టని బండి తప్ప ఏమీ వుండదు. 650 రూపాయలలో బీమా కూడా వుందని మేస్త్రీ చెబితే, ఆ బీమా బండికి, సరకుకు. మనిషికి కాదు.

అందుకని బాడుగ మాట్లాడేముందు రెండు దారులు తప్పక అడిగి చూడాలి. ఆర్టీసీ బస్సును గుంపుగా మాట్లాడుకుంటే ఎంతవుతుందో డిపోలో కనుక్కోవాలి. మనుషుల్ని ఎక్కించుకునే బండి అది, బీమా కూడా మనిషికే. రెండోది రైలు. కోసిగిలో స్టేషను వుంది. గుంతకల్లు పోతే నంద్యాల, మార్కాపురం, వినుకొండ, నరసరావుపేట మీదుగా గుంటూరు లైను వుంది. నాలుగు వందల కిలోమీటర్లకు మామూలు పెట్టె టికెట్టు యీ 650లో సగం కూడా వుండదు. మరి ఎందుకు ఎక్కరు? అడిగితే చెప్పారు. మూటలు, బిందెలు, పిల్లలతో గుంతకల్లులో బండి మారడం, తరువాత స్టేషనునుంచి చేను దాకా మళ్ళీ ఆటోలు. నిజమే. కాని మనుషులు రైల్లో, సామాను వొక చిన్న పికప్పులో పోయేట్టు ఏర్పాటు చేసుకున్న గుంపును వొకదాన్ని చూశాను. పన్నెండు నడిచే పికప్పు రానూపోనూ 67 లీటర్లకంటే తాగదు, అందులోనూ నలుగురు గుంపుల సామాను వేసుకుంటే యింకా పలచబడుతుంది. మేస్త్రీకి యీ ఏర్పాటు నచ్చలేదని వేరే చెప్పనక్కర లేదు.

రోజువారీ ఆటోల సంగతి వొక్క ముక్కలో. పక్క ఊరికి ఇరవై కిలోమీటర్లు పోయి వచ్చే డీజిల్ ఆటో రెండు లీటర్లు తాగదు. పన్నెండుమంది దగ్గర యాభై చొప్పున తీసుకుంటే ఆరువందలు. డీజిల్ పోగా నాలుగువందలు మిగిలినా అతని కిస్తు, రిపేరు అందులోనే. అది పెద్ద దోపిడీ కాదు. అక్కడ అడగవలసింది ఆటోవాడిని కాదు, రైతును. ఆటో బాడుగ రైతే పెట్టుకునే ఊళ్ళున్నాయి, కూలినుంచి పట్టుకునే ఊళ్ళున్నాయి. ఒకే మండలంలో రెండు రకాలూ వున్నచోట పట్టుకునే ఊరివాళ్ళు పెట్టుకునే ఊరిని చూపించి అడగవచ్చు.

బంకులోనే పడే కోత

మేస్త్రీ డీజిల్ పేరు చెప్పి దాచుకునేది కొంత. బంకులోనే ప్రభుత్వం పట్టుకునేది మరికొంత. 2014 ఏప్రిల్‌లో లీటరు డీజిలు మీద కేంద్రం ఎక్సయిజు సుంకం 3 రూపాయల 56 పైసలు. ఆ ఏడాది మధ్యలో నూరు డాలర్లకు పైన వున్న పీపా ముడిచమురు 2016 మొదట్లో ముప్పై డాలర్లకు దిగింది. ధరను బజారుకు వదిలేశాం, అక్కడ తగ్గితే యిక్కడా తగ్గుతుంది అని 2014 అక్టోబరులో చెప్పారు. తగ్గిన దానిలో ఎక్కువభాగం సుంకంగా మారింది. 2016 జనవరి నాటికి సుంకం 17 రూపాయల 33 పైసలైంది. కరోనాతో ఊళ్ళకు ఊళ్ళు నడిచి యింటికి చేరుకుంటున్న 2020 మే నెలలో వొక్కదెబ్బకు 13 రూపాయలు వేసి 31 రూపాయల 83 పైసలు చేశారు. 2021 నవంబరులో పది, 2022 మేలో ఆరు తగ్గించారు. 2025 ఏప్రిల్‌లో మళ్ళీ రెండు పెంచారు. రాష్ట్రం వ్యాటు, లీటరుకు యింతని అదనపు పన్ను, 2020లో వేసిన రూపాయి రోడ్డు సెస్సు దీనికి అదనం.

ట్రాక్టరు తోలే రైతు సాగు ఖర్చులోనూ యిదే పన్ను, కూలీ ఎక్కే బండి బాడుగలోనూ యిదే పన్ను. సుగ్గికి పోయే మనిషి అమ్ముకునేది ఏమీ లేదు, పన్ను కట్టే స్తోమతు వున్నవాడని ఎవరూ అనరు. అయినా కడుతున్నాడు.

యిక చట్టం సంగతి. పని ప్రదేశానికి చేర్చే ఖర్చు ఎవరిది? 1979లో వచ్చిన అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం యీ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పింది. కాంట్రాక్టరే రానూపోనూ ప్రయాణ ఖర్చు యివ్వాలి, ప్రయాణంలో గడిచిన రోజులకు కూలి కూడా యివ్వాలి అంది. ఆ చట్టాన్ని 2020 నాటి వృత్తి భద్రత కోడులో కలిపేశారు. ఆ కోడు 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చింది. రానూపోనూ చార్జీ యివ్వాలన్న మాట అందులో వుంది. కాని అయిదుగురు వలస కార్మికులుంటే చాలన్న హద్దును పదిమందికి పెంచారు.

యిందులో చిత్రం చూడండి. కోసిగినుంచి నాలుగు వందల కిలోమీటర్లు పోయి పల్నాడులో కాయ కోసేవాడు రాష్ట్రం దాటలేదు కాబట్టి యీ చట్టానికి కనపడడు. అదే మనిషి తుంగభద్ర దాటి గద్వాల వైపు పత్తి విత్తనాల పనికి పోతే, 2014 జూన్ 2 నుంచి అది వేరే రాష్ట్రం గనక, అంతర్రాష్ట్ర వలస కార్మికుడు అవుతాడు. ఖమ్మం మిరప చేలకు పోయినా అంతే. పొలం పనికి యీ చట్టం వర్తించదని యజమానులు వాదిస్తారు. వాదించనివ్వండి. ఖమ్మం, గద్వాల పోయే గుంపులు మేస్త్రీతో పేర్ల జాబితా, ప్రయాణ ఖర్చు కాగితం మీద రాయించుకుని వుంచుకుంటే ఆ వాదన ఎక్కడో వొకచోట తేలుతుంది. రాష్ట్రంలోపలే నాలుగు వందల కిలోమీటర్లు పోయేవాడికి కూడా యిదే హక్కు కావాలని అడగడానికి దీనికంటే మంచి ఉదాహరణ దొరకదు.

కట్టమీద లెక్క వేసిన రోజు సాయంత్రం మేస్త్రీ మళ్ళీ వచ్చాడు. బొగ్గు గీతలు చెరపలేదు. ఆడవాళ్ళే ముందు మాట్లాడారు. తిరుగు సరకు మాటకు ఆయన నీళ్ళు నమిలాడు. చివరకు తలకు 520 దగ్గర ఆగింది, నలభై తలకాయలకు మించి ఎక్కించకూడదన్నది కూడా వొప్పుకున్నాడు. పదో తరగతి చదువుతూ మానేసిన వొక అమ్మాయి నోటుబుక్కులో తారీఖు, మీటరు అంకె, మొదటి బంకు బిల్లు లీటర్లు రాసుకుంది. బండి వినుకొండ దాటాక ఫోను చేసి, "అన్నా, ఎనిమిదిన్నర నడిచినాది, ఎనిమిది గాదు" అని చెప్పింది. ఉగాదికి వచ్చేటప్పుడు బాడుగ ఆ ఎనిమిదిన్నర మీద మాట్లాడతామంది.